ఫ్రీజర్ వంటకు ఏ పాత్ర మేలు? జిప్ సంచి నుంచి వాక్యూమ్ మెషీన్ దాకా

ఒక పూట పొయ్యి దగ్గర నిలబడి పది పన్నెండు పూటలకు సరిపడా వండి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే, తీరిక లేని రోజుల్లో వంటింటి హడావిడి తప్పుతుంది. ఇంతవరకూ బాగానే ఉంటుంది. మూడు వారాల తర్వాత మూత తీస్తే పైన తెల్లటి మంచు పొట్టు, అంచుల్లో బిరుసెక్కిన ముక్కలు, కరిగాక అడుగున నీళ్లు కనిపిస్తాయి. అప్పుడు వంటనో ఫ్రీజర్‌నో తిట్టుకోవడం మామూలే. నిజానికి చాలాసార్లు తప్పు ఆ రెండిటిదీ కాదు, మధ్యలో ఉన్న పాత్రది. అందుకే ఈ సమీక్షలో బ్రాండ్ల జోలికి పోకుండా పాత్రల రకాలనే తూకం వేస్తున్నాం.

డబ్బా మీద ‘ఫ్రీజర్ సేఫ్’ అని అచ్చు ఉంటే అది చలికి పగలదని మాత్రమే అర్థం. లోపల పెట్టిన కూర బాగుంటుందని ఆ మాట ఎక్కడా హామీ ఇవ్వదు. పాత్ర మంచిదా కాదా అన్నది మూడు విషయాల్లో తేలుతుంది. వండినదాన్ని ఎంత త్వరగా గడ్డకట్టనిస్తుంది? లోపల ఎంత గాలి మిగులుస్తుంది? తినే రోజున దాన్ని ఎంత తేలిగ్గా పొయ్యి మీదికి వదులుతుంది?

మొదటిది వేగం. నీరు గడ్డకట్టేటప్పుడు నెమ్మదిగా కడితే మంచు పలుకులు పెద్దవిగా ఎదుగుతాయి, కూరగాయల కణాల గోడల్ని చీల్చేస్తాయి. కరిగినప్పుడు ఆ చీలికల్లోంచి నీరు కారిపోతుంది. ముక్క మెత్తబడి పీచుగా మారడానికి కారణం ఇదే. ముఖ్యంగా మైనస్ 1 నుంచి మైనస్ 5 డిగ్రీల మధ్య గడిపే సమయం ఎంత తగ్గితే అంత మంచిది. ఇంట్లో ఫ్రీజర్ చల్లదనాన్ని పెంచడం మన చేతిలో పెద్దగా ఉండదు, కానీ వంటకం మందాన్ని తగ్గించడం పూర్తిగా మన చేతిలో పనే. మందం రెట్టింపైతే గడ్డకట్టే సమయం రెండు నుంచి నాలుగు రెట్లు అవుతుంది. అంటే ఒక లీటరు సూప్‌ను లోతైన డబ్బాలో పోయడం వేరు, అదే లీటరును 2 సెం.మీ. పలకలా పరచడం వేరు.

రెండోది గాలి. ఫ్రీజర్‌లో మంచు నీరు కాకుండానే నేరుగా ఆవిరి అవుతుంది. వంటకం పైభాగం నుంచి ఎగిరిన ఆవిరి డబ్బాలోని ఖాళీలో మూతకు అంటుకుని పొట్టుగా పేరుకుంటుంది. అంటే మూత కింద కనిపించే ఆ మంచు బయటినుంచి వచ్చింది కాదు, కూరలోంచి పోయిన నీరే. ఆ పొడిబారిన భాగం తింటే హాని లేదు, రుచి మాత్రం అట్టముక్కలా ఉంటుంది. కొవ్వు ఉన్న వంటకాల్లో గాలి తగిలితే ముక్కిపోయిన నూనె వాసన కూడా వస్తుంది. మంచు దానంతట అదే కరిగించుకునే ఫ్రీజర్లలో ఈ సమస్య ఇంకా ఎక్కువ. అవి మధ్యమధ్యలో కాస్త వేడెక్కి మళ్లీ చల్లబడుతూ ఉంటాయి కాబట్టి ప్రతి విడతలోనూ కొంత తేమ ఎగిరిపోతుంది.

జిప్ సంచి: చూడ్డానికి చవకబారుదే, పనిలో మొనగాడు

పప్పు, గ్రేవీ, సూప్, ముక్కలు చిన్నగా ఉన్న కూర, ఉడికించిన గింజలు. వీటికి మందపాటి జిప్ సంచిని మించినది లేదు. మామూలు తిండి సంచులూ ఫ్రీజర్ సంచులూ పక్కపక్కనే అమ్ముతారు, చూపుకు ఒకలాగే ఉంటాయి. వేళ్ల మధ్య నలిపి చూస్తే తేడా తెలిసిపోతుంది: పలుచనిది గలగలమంటుంది, మందమైనది మెత్తగా, బరువుగా ఉంటుంది. పలుచనిదాంట్లోంచి తేమ బయటికి పోతుంది, వాసన లోపలికి వస్తుంది. జారే బిళ్ల ఉన్న జిప్ వాడుకకు తేలికే గానీ చివర మూలలో సన్నని సందు మిగిల్చే అలవాటు దానికి ఉంది. ద్రవపదార్థాలకు వేళ్లతో నొక్కి మూసే రెండు వరసల జిప్ తీసుకోవడం మంచిది.

నింపే పద్ధతి ఇలా ఉంటే గొడవ ఉండదు. సంచి మీద పేరు, పరిమాణం, తేదీ ముందే రాసేయాలి. నింపాక రాయబోతే గుండ్రటి మెత్తటి సంచి మీద కలం నడవదు, చల్లబడ్డాక తేమకు సిరా నిలవదు. సంచిని వెడల్పు మూతి జగ్గులో నిలబెట్టి, పై అంచును నాలుగైదు సెంటీమీటర్లు బయటికి మడిచి జగ్గు అంచుకు తొడగాలి. ఈ మడత తప్పనిసరి, ఎందుకంటే జిప్ పళ్లలో నూనె చుక్క పడితే సంచి మూసుకున్నట్టే కనిపించి కరిగేటప్పుడు కారుతుంది. 18 × 20 సెం.మీ. సంచిలో 500 నుంచి 600 మి.లీ. మించకూడదు. సంచి పేరుకు లీటరుదే అయినా లీటరు పోస్తే అది పలక కాదు, దిండు అవుతుంది.

తర్వాత జిప్‌ను రెండు మూడు సెంటీమీటర్లు వదిలి మూసి, బల్ల మీద పడుకోబెట్టి, అడుగు నుంచి జిప్ వైపుగా అరచేత్తో గాలిని తోసేయాలి. గ్రేవీ జిప్ అంచు దాకా రాగానే పూర్తిగా నొక్కాలి. ఘనపదార్థాలైతే ఇలా తోయడం కుదరదు. అప్పుడు సంచిని జిప్ కింది దాకా నీళ్ల గిన్నెలో ముంచితే చుట్టూ ఉన్న నీరే గాలిని పైకి నెట్టేస్తుంది, అప్పుడు మూసేయవచ్చు. కింద స్టీలు లేదా అల్యూమినియం పళ్లెం పెట్టి, సంచుల్ని ఒకదాని మీద ఒకటి పడకుండా విడివిడిగా పరిస్తే 2 సెం.మీ. పలక సాధారణంగా నాలుగైదు గంటల్లో గట్టిపడుతుంది. ఆ తర్వాత పళ్లెం తీసేసి సంచుల్ని పుస్తకాల్లా నిలువుగా వరసపెట్టుకోవచ్చు.

పళ్లెం లేకుండా తీగల అర మీద నేరుగా పెట్టినవాళ్లు పప్పులో కాలేసినట్టే. మెత్తటి సంచి తీగల సందుల్లోకి జారి అక్కడే గడ్డకట్టి అరను పట్టుకుంటుంది. లాగితే చిరుగుతుంది. ఇంకో రెండు జాగ్రత్తలు కూడా ఉన్నాయి. మరుగుతున్న కూరను సంచిలో పోస్తే పాలిథిన్ మెత్తబడి అతుకులు సాగుతాయి. గట్టిపడిన సంచిని వంచినా, ఎత్తునుంచి పడేసినా మూలలు పగులుతాయి. ఎముకలున్న మాంసం కూరకు సంచి సరిపడదు. మొన ఎక్కడో ఒకచోట పొడుచుకుంటుంది, ఆ సంగతి కరిగేదాకా బయటపడదు. అందుకే సంచి ఏదైనా సరే, గిన్నెలో పెట్టి కరిగించడం అలవాటు చేసుకోవాలి.

తినే రోజున సంచి గెలుపు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. చల్లటి నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ముంచితే పలక సంచినుంచి విడిపోతుంది. దాన్ని నాలుగు ముక్కలుగా విరిచి, గిన్నెలో మూడు చెంచాల నీళ్లతో మూతపెట్టి సన్నసెగ మీద పెడితే చాలు. డబ్బాలోని పెద్ద గడ్డ అయితే అడుగున మాడుతూ నడుమ ఇంకా రాయిలాగే ఉంటుంది.

వాడిన సంచిని కడిగి మళ్లీ వాడొచ్చా? పప్పు, గింజలు పెట్టినవి వాడొచ్చు. పచ్చి మాంసం, చేప పెట్టినవి పారేయాల్సిందే.

గాజు: అందం ఉంది, ఓపిక కావాలి

గాజుకు వాసన పట్టదు, పసుపు మరక అంటదు, పులుపుకు లొంగదు. లోపల ఏముందో కనిపిస్తుంది కూడా. పగలడం ఒక్కటే దాని తంటా. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం పెరుగుతుంది, ఆ పెరుగుదలకు పైకి దారి ఉండాలి. గోడలు నిటారుగా ఉన్న, లేదా పైకి వెళ్లేకొద్దీ వెడల్పయ్యే డబ్బాలో మంచు పైకి జరుగుతుంది. మెడ సన్నగా, భుజాలు వంపు తిరిగిన సీసాలో ఆ భుజం అడ్డుపడి గాజు చిట్లుతుంది. పగిలిన సీసాల్లో ఎక్కువ భాగం ఈ ఆకారానివే. మళ్లీ వాడుకోవచ్చని దాచిన పచ్చడి, జామ్ సీసాలు ఈ పనికి అస్సలు వద్దు. వెడల్పు మూతి డబ్బాలోనైనా పైన 2.5 సెం.మీ. ఖాళీ వదలాలి, గట్టిపడేదాకా మూతను బిగించకూడదు.

రెండో ప్రమాదం ఉష్ణోగ్రతలో ఒక్కసారిగా వచ్చే మార్పు. బోరోసిలికేట్ గాజు వేడికి వ్యాకోచించేది మామూలు గాజులో సుమారు మూడో వంతే, కాబట్టి అది ఎక్కువ తట్టుకుంటుంది. అయినా ఫ్రీజర్ నుంచి తీసి నేరుగా కాలే ఒవెన్‌లోకి తోయడం సాహసమే. ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చుకోవాలి. అంటే గాజు కావాలనుకునేవాళ్లు రేపటి భోజనం సంగతి ఇవాళే నిర్ణయించుకోవాలి, అలాంటి క్రమశిక్షణ ఉన్నవాళ్లకు మాత్రమే ఇది నప్పుతుంది. పొరలు పొరలుగా పేర్చి ఒవెన్‌లో కాల్చే వంటకాలకు మాత్రం 5 సెం.మీ. లోతుకు మించని పలక గాజు డబ్బాయే మేలు, ఎందుకంటే అక్కడ ఆకారం చెడకూడదు.

నాలుగు వైపులా కొక్కేలున్న ప్లాస్టిక్ మూతలతో వచ్చే గాజు డబ్బాల్లో ముందు పోయేది మూతే. ఆ కొక్కేలు పాలీప్రొపిలీన్‌తో చేస్తారు. చలికి అది పెళుసుబారుతుంది. ఫ్రీజర్‌లోంచి తీయగానే బలంగా లాగితే కీలు దగ్గర విరుగుతుంది. రెండు నిమిషాలు బయట ఉంచి తీస్తే ఆ బాధ ఉండదు.

ప్లాస్టిక్ డబ్బాలు, స్టీలు, రేకు

అడుగున త్రిభుజంలో 5 అంకె ఉన్న డబ్బాలు పాలీప్రొపిలీన్‌వి. గాజు డబ్బా మూతలకు చెప్పిందే వీటికీ వర్తిస్తుంది, కింద పడితే మూల ఊడుతుంది. భోజనం తెప్పించుకున్నప్పుడు వచ్చే పలుచటి డబ్బాలు రెండు మూడు విడతలకు మించి నిలవవు. గుండ్రటివి చోటు తినేస్తాయి, చదరపువి తీసుకోవాలి. అసలు లోపం డబ్బా ఆకారంలోనే ఉంది: సగం నింపితే సగం గాలి మిగులుతుంది. వంటకం పైభాగానికి తగిలేలా పలుచని ప్లాస్టిక్ పొరను పరిచి ఆ తర్వాత మూత పెడితే మంచు పొట్టు చాలావరకు తగ్గుతుంది. ఇంత చేయగల ఓపిక ఉంటే డబ్బాలు పనికొస్తాయి, లేదంటే ఇది ఒక నెల లోపు తినేసేవాటికే.

స్టీలు గురించి ఒక అపోహ ఉంది: లోహం కాబట్టి ఫ్రీజర్‌లో చాలా త్వరగా గడ్డకడుతుందని. నిశ్చలంగా ఉన్న చల్లగాలిలో పాత్ర లోహం పెద్ద తేడా తేదు, అక్కడ అడ్డుపడేది గాలీ, వంటకం మందమూ. స్టీలు అసలు గొప్ప మంచునీళ్లలో పెట్టి చల్లార్చేటప్పుడు తెలుస్తుంది. అక్కడ ప్లాస్టిక్, గాజు రెండూ దాని ముందు తేలిపోతాయి. కాబట్టి స్టీలు చల్లార్చడానికి బాగా పనికొస్తుంది, దాచడానికి అంతంతమాత్రం. మూత మంచుతో బిగుసుకుంటే గోరువెచ్చని నీటి ధార అంచు చుట్టూ తిప్పాలి. చాకు మొనతో ఎత్తితే అంచు వంగి, ఆ మూత ఇక ఎప్పటికీ సరిగ్గా కూర్చోదు. మైక్రోవేవ్‌లో పెట్టలేమన్నది తెలిసిందే.

అల్యూమినియం రేకు ట్రేలు ఒవెన్ వంటకాలకు తప్ప దండగ. టమాటా, నిమ్మ లాంటి పులుపు ఉన్నదాన్ని వాటిలో వారాలపాటు ఉంచితే రేకుకు సన్నని చిల్లులు పడతాయి.

సిలికాన్ ట్రే: గోదాము కాదు, అచ్చు

125, 250, 500 మి.లీ. గళ్లున్న సిలికాన్ ట్రేలు ఈమధ్య బాగా ఆదరణ పొందాయి. ఒక మనిషికి ఒక పూటకు సరిపడా గడ్డలు చేసుకోవడానికి ఇంతకన్నా చక్కని పరికరం లేదు. 500 మి.లీ. గడి ఒక పెద్దమనిషికి సూప్ భోజనం, 250 కూర, 125 గ్రేవీ ముద్ద లేదా ఉడికించిన రసం. అయితే చాలామంది చేసే పొరపాటు దాన్నే నిల్వ డబ్బాగా వాడటం. సిలికాన్ చలికి పగలదు, వేడికి కరగదు, కానీ గాలినీ ఆవిరినీ వాసననూ కొంత లోపలికీ బయటికీ పోనిస్తుంది. నెలరోజులు అందులోనే ఉంచితే గడ్డ పొడిబారుతుంది, పక్కనున్న చేప వాసన ట్రేకు పట్టేస్తుంది. రాత్రి గట్టిపడనిచ్చి, పొద్దున గడ్డలు బయటికి తోసి, మందపాటి సంచిలో వేసి గాలి తీసి మూయాలి. ట్రే మళ్లీ తర్వాతి విడతకు ఖాళీ అవుతుంది, కాబట్టి ఇంటికి రెండు ట్రేలు చాలు, ఆరు కొనక్కర్లేదు.

కొనేటప్పుడు అంచు చుట్టూ ఉక్కు చట్రం ఉన్నది చూడాలి. చట్రం లేనిది నింపి ఎత్తగానే నడుము వంగి సగం నేలపాలవుతుంది. అలాంటిది ఇప్పటికే కొని ఉంటే నింపకముందే గట్టి పళ్లెం మీద పెట్టుకోవాలి. వాసన పట్టిన ట్రేను ఖాళీగా ఒవెన్‌లో కాసేపు వేడిచేస్తే కొంత వదులుతుంది, సబ్బుతో ఎంత తోమినా వదలదు.

వాక్యూమ్ మెషీన్: పొగడ్త ఎక్కువ, పని ఎంచుకుంటుంది

గాలి పూర్తిగా తీసేసి సీలు చేసే యంత్రం కాగితం మీద అన్నిటికన్నా గొప్పది. పచ్చి మాంసం, చేప, ఉడికించిన ముక్కలు, గట్టి గడ్డలు వీటిలో మంచు పొట్టు అన్న మాటే ఉండదు. కానీ ఇళ్లల్లో కొనేది ఎక్కువగా సంచి అంచును పట్టుకుని గాలి లాగే రకం. అది గాలితోపాటు ద్రవాన్నీ లాగుతుంది. గ్రేవీ పైపుల్లోకి వెళితే పంపు పోయినట్టే. సంచి మొత్తాన్ని లోపల పెట్టుకునే గది రకం యంత్రంలో లోపలా బయటా ఒత్తిడి సమానంగా తగ్గుతుంది కాబట్టి ద్రవాలతోనూ పని చేస్తుంది, కాకపోతే అది బరువు, ఖరీదు, బల్ల మీద చోటు అన్నీ మింగుతుంది.

అంచు రకంతో కూరలు సీలు చేయాలంటే ముందు సిలికాన్ ట్రేలో గడ్డకట్టించి, ఆ గడ్డల్ని సంచిలో వేయాలి. ఇక్కడ సంచులు కూడా వాటివే కావాలి: లోపలి వైపు గరుకు గళ్లున్నవి. నునుపు సంచిలో రెండు పొరలు అతుక్కుపోయి గాలి బయటికి రావడానికి దారి ఉండదు. సీలు ఊడిపోవడానికి ఎక్కువగా మూడు కారణాలు: అంచుకు అంటిన నూనె లేదా తేమ, సీలు గీత మీద పడిన ముడత, వరసగా సీలు చేయడంతో వేడెక్కిన కడ్డీ. నింపేటప్పుడు అంచు మడవాలి, పైన కనీసం 7 సెం.మీ. వదలాలి, రెండు సీళ్ల మధ్య అర నిమిషం ఆగాలి, అర సెంటీమీటరు ఎడంతో రెండో గీత కూడా వేయాలి. మర్నాడు తీసి చూడాలి. సంచి వదులైతే కోసి మళ్లీ చేయాలి.

మెత్తటి రొట్టెలు ఆ ఒత్తిడికి నలిగి పిండిముద్దలవుతాయి. క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రొకలీ పచ్చిగా సీలు చేస్తే అవి వదిలే వాయువుకు సంచి ఉబ్బుతుంది. ముందు మరిగే నీళ్లలో ముంచి తీయాల్సిందే. బ్రొకలీ పువ్వులకు 3 నిమిషాలు, తర్వాత అంతే సేపు మంచునీళ్లు, ఆపైన బట్ట మీద పూర్తిగా ఆరబెట్టడం.

ఇక అసలు హెచ్చరిక. గాలి లేకపోతే చెడిపోదన్న నమ్మకం చాలా ప్రమాదకరం. బోటులిజం అనే ప్రాణాంతక ఆహార విషబాధను తెచ్చే క్రిమికి గాలి లేని చోటే ఇష్టం. దాని కొన్ని రకాలు 3 డిగ్రీలు దాటితే చాలు, ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరగగలవు, వాటికీ చేపలకూ సంబంధం ఎక్కువ. అందుకే సీలు చేసిన చేపను కరిగించేముందు సంచిని కోసి తెరవాలి. వాక్యూమ్ సంచి ఫ్రీజర్‌కు తోడు మాత్రమే, ఫ్రీజర్‌కు బదులు కాదు.

మొత్తం మీద చూస్తే, నెలకు రెండు మూడు కిలోల మాంసమో చేపో నిల్వ పెట్టేవాళ్లకు ఈ యంత్రం ఖర్చు గిట్టుతుంది. పప్పులూ గ్రేవీలూ మాత్రమే వండేవాళ్లకు అది అలమరలో ధూళి పట్టే వస్తువు.

పాత్ర ఏదైనా, చల్లార్చడంలోనే ఉంది కిటుకు

ఐదు లీటర్ల కూరగిన్నెను మూతపెట్టి పొయ్యి మీదే వదిలేస్తే అది గోరువెచ్చగా గంటల తరబడి ఉంటుంది. వండినా చావని బీజాలు కొన్ని ఉంటాయి. మాంసం కూరల్లో క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్, అన్నంలో బాసిల్లస్ సీరియస్ అలాంటివే. ఆ గోరువెచ్చదనమే వాటికి కావాల్సింది. 60 డిగ్రీల నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో, అక్కడి నుంచి 5 డిగ్రీలకు మరో నాలుగు గంటల్లో దిగాలన్నది ఆహార భద్రతలో పాటించే లెక్క. అన్నంలో ఆ క్రిమి వదిలే విషం మళ్లీ వేడిచేసినా పోదు, అందుకని అన్నాన్ని గంటలోపే చల్లార్చాలి.

ఇలా చేయొచ్చు: గిన్నె దించగానే వెడల్పు స్టీలు పళ్లేల్లోకి 5 సెం.మీ. లోతు మించకుండా పంచాలి. సింకులో నీళ్లూ మంచుగడ్డలూ వేసి పళ్లేల్ని అందులో కూర్చోబెట్టి ఐదేసి నిమిషాలకు కలుపుతుండాలి. అరగంటలో చేతికి చల్లగా తగులుతుంది. అన్నమైతే పళ్లెంలో పలచగా పరిచి ఆవిరి పోనిచ్చి, గుప్పిళ్లుగా సంచిలో వేసి 2 సెం.మీ. పలకగా నొక్కాలి. అన్నాన్ని రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి ఆ తర్వాత ఫ్రీజర్‌కు మార్చడం వృథా ప్రయాస. ఫ్రిజ్ చల్లదనంలోనే గంజిపదార్థం అన్నిటికంటే వేగంగా గట్టిపడి మెతుకు బిరుసెక్కుతుంది. నేరుగా ఫ్రీజర్‌కు పోవాలి.

వేడివేడిగా ఫ్రీజర్‌లో పెడితే ఏమవుతుంది? నీరు ఎక్కువున్న కిలో వంటకాన్ని 100 నుంచి 0 డిగ్రీలకు దించడానికి తీసేయాల్సిన వేడి సుమారు 420 కిలోజౌళ్లు, 0 దగ్గర దాన్ని గడ్డకట్టించడానికి 334. అంటే వేడిగా పెడితే ఫ్రీజర్ పని రెట్టింపుకు మించిపోతుంది, పక్కన ముందే ఉన్నవి పైపైన కరిగి మళ్లీ గడ్డకడతాయి. చల్లార్చినా సరే ఒక్కసారే అంతా కుక్కకూడదు. 100 లీటర్ల ఫ్రీజర్‌కు రోజుకు కొత్తగా 3 నుంచి 5 కిలోలే. ఫ్రిజ్ పైనుండే 50 లీటర్ల అరకు రెండు కిలోల చొప్పున వేసుకుంటూ మిగతాది ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు మార్చాలి. ఫ్రీజర్ తలుపు మీద నక్షత్రాలు కూడా చూసుకోవాలి: ఒకటి ఉంటే మైనస్ 6, రెండు ఉంటే మైనస్ 12, మూడు ఉంటే మైనస్ 18 డిగ్రీలు. నెలల నిల్వకు మూడు, కొత్తగా గడ్డకట్టించడానికి నాలుగు ఉండాలి.

ఏ పాత్రా కాపాడలేనివి

ఉడికించిన బంగాళాదుంప ముక్కలు ఇసుకలా పొడిబారతాయి, మెత్తగా మెదిపి కొవ్వు కలిపితే కొంత నయం. ఉడికిన గుడ్డు తెల్లసొన రబ్బరవుతుంది. మొక్కజొన్న పిండితోనో గోధుమపిండితోనో చిక్కబరచిన గ్రేవీ కరిగాక నీళ్లూ ముద్దా వేరవుతాయి. చిక్కదనం వేడిచేసే రోజునే కలుపుకోవాలి. పెరుగు, మీగడ కూడా అంతే, చివర్లోనే వేయాలి. కరకరలాడే వేపుడుకు ఫ్రీజర్ అక్కరకు రాదు. పాస్తా లాంటివి రెండు నిమిషాలు ముందే దించేయాలి, లేదంటే మళ్లీ కాచేసరికి గుజ్జు.

మసాలాల సంగతి వింతగా ఉంటుంది. మిరియాలు, లవంగం, వెల్లుల్లి ఫ్రీజర్‌లో ఘాటెక్కి కాస్త చేదు తిరుగుతాయి, ఉప్పు మాత్రం తగ్గినట్టు అనిపిస్తుంది. కాబట్టి ఇవన్నీ తక్కువగా వేసి, సంచి మీద ‘ఉప్పు, మిరియాలు చూసుకో’ అని రాసిపెట్టుకోవడం తెలివైన పని. సూప్‌లు, పులుసు కూరలు రెండు మూడు నెలల్లోపు తింటే రుచి నిలుస్తుంది. ఆ తర్వాత మైనస్ 18 దగ్గర ఉన్నంతకాలం హాని ఉండదు, తినబుద్ధి కాదు, అంతే.

కరిగించడం ఫ్రిజ్‌లో రాత్రంతా, లేదా (వాక్యూమ్ చేసిన చేపకు తప్ప) మూసిన సంచిని చల్లటి నీళ్లలో పెట్టి అరగంటకోసారి నీళ్లు మారుస్తూ. బల్ల మీద వదిలేయడం వద్దు. బయట మెత్తబడి క్రిములు పెరుగుతుంటే నడుమ ఇంకా మంచే ఉంటుంది. మళ్లీ కాచేటప్పుడు వంటకం నడిమధ్యన వేడి 74 డిగ్రీలకు చేరాలి. గుచ్చి చూసే చిన్న థర్మామీటరు ఈ పనికి పై యంత్రాలన్నిటికంటే ముందు కొనాల్సిన వస్తువు.

మొదటిసారి కొనేవాళ్లు

ఫ్రీజర్ సంచులు చిన్నవి ఒక పెట్టె, 27 × 28 సెం.మీ. పెద్దవి ఒక పెట్టె (వాటిలో 1.5 లీటర్ల దాకా పలకగా పడుతుంది), ఫ్రీజర్ అరలో సరిగ్గా పట్టే స్టీలు పళ్లేలు రెండు, 250 మి.లీ. గళ్ల సిలికాన్ ట్రే ఒకటి, థర్మామీటరు, చెరగని సిరా కలం. కొనేముందు ఫ్రీజర్ లోపలి వెడల్పు టేపుతో కొలిచి వెళ్లాలి, ఎందుకంటే పళ్లెం అర సెంటీమీటరు ఎక్కువైనా తలుపు పడదు. గాజు డబ్బాలు ఒవెన్ వాడేవాళ్లకు రెండు చాలు. వాక్యూమ్ మెషీన్ ఆర్నెల్లు ఆగి ఆలోచించవచ్చు.

ఫ్రీజర్ సగం ఖాళీగా ఉంటే నీళ్లు నింపిన ప్లాస్టిక్ సీసాలు (మెడ దాకా కాదు, ముప్పావు వంతు) పెట్టి ఆ చోటు పూడ్చాలి. కరెంటు పోయి తలుపు తెరవకుండా ఉంచితే నిండిన ఫ్రీజర్ సుమారు 48 గంటలు చలి నిలుపుకుంటుంది, సగం నిండినది 24 గంటలే. కరెంటు వచ్చాక సంచి నొక్కి చూసి లోపల ఇంకా మంచు పలుకులు చేతికి తగిలితే మళ్లీ గడ్డకట్టనివ్వవచ్చు. పూర్తిగా కరిగి, ఎప్పుడు కరిగిందో తెలియనిదైతే పారేయాలి.